నాలుగో ప్రశ్న

"పడుకోండమ్మా, ఇకనించి మీరు కాలు విరిగిన మనిషి," అని చెప్పి మాస్టారు రాళ్ళ మీద చప్పుడు చేసుకుంటూ వాగు వెంట కిందికి దిగిపోయాడు. ఆమె పడుకుంది. పడుకోగానే నడుం కింద రాయి ఒకటి గుచ్చుకుంది, కాస్త జరుగుదామా అంటే కాలు విరిగిన మనిషి జరగదు కదా, సరే ఉండనీ, ఇంతకంటే గట్టివే చూసింది జీవితంలో. నలభై తొమ్మిదేళ్ళొచ్చాక ఎండిపోయిన వాగులో వెల్లకిలా పడుకుని, మోకాలి కింద ఎర్రరంగు పూయించుకుని, నన్నెవరొచ్చి కాపాడతారా అని ఎదురుచూడ్డం కూడా నుదుట రాసిపెట్టి ఉందన్నమాట. అక్కడ కొట్లో స్కూలు పిల్లల చొక్కాలు కాలర్లు లేకుండా దండేనికి వేలాడుతున్నాయి, ఇక్కడ దర్జీగారు శవాసనం వేసింది. నవ్వొచ్చింది. నవ్వకూడదు, అరవాలి, అరుపు కూడా మామూలుగా ఉండకూడదట, కొండ దద్దరిల్లాలట. కాపాడే జట్టువాళ్ళొచ్చి నాలుగు ప్రశ్నలడుగుతారు, మీరెవరు, ఎక్కడున్నారు, ఇది ఏ పూట, ఏం జరిగింది అని. తలకి కూడా దెబ్బ తగిలిందనుకోవాలి కాబట్టి నాలుగింటికీ తిక్క జవాబులు చెప్పమన్నాడు మాస్టారు. పదేళ్ళు అంబులెన్సులో తిరిగి గొంతు బొంగురుపోయిన మనిషి, ఆయన ఏది చెప్పినా తలూపాలనిపిస్తుంది. ఒకవేళ నిజంగానే ఏమైనా అయితే "ఆట కాదు" అని మూడుసార్లనండి, ఎక్కడివాళ్ళం అక్కడ ఆగిపోతాం, ఒక్కసారంటే అదీ ఆటలో మాటే అనుకుంటాం, మూడుసార్లనాలి, మర్చిపోకండి అన్నాడు. ఎందుకు మర్చిపోతుంది, రెండు ముక్కలేగా.

ఈ కోటు కుట్టినవాడి చెయ్యి పడిపోను, చంక దగ్గర కుట్టు చూడు, గుడ్డంతా ముడతలు పోయి ఉండచుట్టుకుపోయింది, అనుకుని వెంటనే నాలిక్కరుచుకుంది. చెయ్యి పడిపోవడమంటే ఏమిటో వాళ్ళింట్లో అందరికీ తెలుసు. అసలిది ఆమె కోటు కాదు. కాపాడ్డానికి వచ్చినవాళ్ళు దెబ్బ ఎక్కడుందో చూడాలని కత్తెరతో బట్టలు కోస్తారు, మంచివెందుకు పాడుచేసుకోవడమని మాస్టారే ఓ పాత కోటిచ్చి, ఆమె కోటు మడతపెట్టి, బ్యాగుతో సహా కింద జీపులో పెట్టించాడు. సామానంతా నీళ్ళలో కొట్టుకుపోయిందనుకోవాలట. కొట్టుకుపోయిన ఆ కోటు జేబులోనే ఆమె పిప్పరమెంట్లున్నాయి, ఆ బ్యాగులోనే బిస్కెట్లున్నాయి. ఇవ్వనని ఎలా అంటుంది? ఎందుకమ్మా అని అడుగుతాడు. పక్కనే కూతురు నిలబడి చేతులకి రబ్బరు తొడుగులు తొడుక్కుంటోంది. అందుకే నోరు మూసుకుని కోటు విప్పి ఇచ్చింది.

కూతురంటే చిన్నపిల్లేం కాదు, ఇరవై ఆరు నిండాయి, కానీ ఆమె నోటికి పిల్ల అనే వస్తుంది. దాని పదిహేడో ఏట తండ్రికి పక్షవాతం వచ్చి కుడిపక్కంతా పడిపోయింది. ఆమె మిషను తొక్కితే తప్ప ఇల్లు గడవదు కాబట్టి మిషను తల్లికి, మంచం కూతురికి అని ఎవరూ కూర్చోబెట్టి పంచకుండానే పంపకాలు జరిగిపోయాయి. దాని ఈడు పిల్లలు సినిమాలకీ షికార్లకీ తిరుగుతుంటే అది నాన్నని ఏ వేళకి ఏ పక్కకి తిప్పాలో గుర్తుపెట్టుకునేది, చెంచాతో జావ పోసి, గుటక పడిందో లేదో చూడ్డానికి ఆయన గొంతు మీద వేలు పెట్టేది. అలా ఐదేళ్ళు. ఆయన చొక్కాలు ఆమె ఏటేటా లోపలికి కుడుతూ పోయింది, ముందు ఛాతీ తగ్గింది, తర్వాత భుజం తగ్గింది, ఆఖరి చొక్కా స్కూలు పిల్లాడి కొలత. ఆయన పోయిన పొద్దున పిల్ల పక్కగదిలోంచి ఏమయిందమ్మా అని అడిగితే, ఏం లేదు నువ్వు పడుకో అంది, ఆ పూట దానికి అంతకంటే ఏమిచ్చుకోగలదు, ఇంకో గంట నిద్ర తప్ప. పిల్ల ఆ రోజు ఏడవలేదు. తర్వాతా ఏడవలేదు. ఒకనాడు స్నేహితులెవరో కొండలకి లాక్కుపోయారు, రెండు రోజులకి ముక్కు మీద తోలు ఊడి కాళ్ళనిండా గీతలతో వచ్చి, గిన్నె ముందేసుకుని అడుగుదాకా ఊడ్చి తిని, ఏదో చెప్పబోయి పకపకా నవ్వింది. మిషను తొక్కుతున్న కాలు దానంతటదే ఆగిపోయింది. ఆ నవ్వు విని ఎన్నేళ్ళయిందో. అప్పుడే అనుకుంది, ఈ పిల్లని ఇంకెవరి మంచం పక్కనా కూర్చోనివ్వను, నేను చచ్చినా సరే అని. పైన తథాస్తు దేవతలు చెవులు రిక్కించుకుని కూర్చుంటారట, విన్నట్టే ఉన్నారు.

ఎందుకంటే ఏడాదిన్నర కిందట డాక్టరమ్మ కళ్ళజోడు పైకి తోసుకుని, షుగరమ్మా, అంది. కంగారేం లేదు, మాత్ర వేసుకుని వేళకి తినాలి, తినకుండా మాత్ర వేసుకుంటే మాత్రం షుగరు బాగా పడిపోతుంది, చెమటలు పడతాయి, వణుకొస్తుంది, మాటలు తడబడతాయి, అప్పుడు నోట్లో ఇంత తీపి వెయ్యాలి, ఇంట్లోవాళ్ళకి చెప్పి ఉంచండి. అలాగేనండి అంది ఆమె. అలాగేనండి అనడంలో ఆమెని మించినవాళ్ళు లేరు, ఇరవై రోజుల్లో కావాల్సిన కోటు రెండు రోజుల్లో కావాలన్నా అలాగేనండి అనే అంటుంది. చెబితే ఏమవుతుందో ఆమెకి కళ్ళకి కట్టినట్టు తెలుసు. పిల్ల అరవదు, ఏడవదు, బూట్లు మంచం కిందికి తోసేసి, గోడమీద ఓ కాగితం అంటించి, ఏ వేళకి ఏ మాత్రో రాసి, కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంటుంది. అందుకని దాచింది. దాచడం ఎంత తేలికో, దర్జీ వేళ్ళ మీద ఎర్రచుక్కలుంటే ఎవరికి అనుమానం? రక్తం చూసుకోవడానికి వేలు గుచ్చుకున్న ప్రతిసారీ, ఏంటమ్మా అది అని పిల్ల అడిగితే, సూది గుచ్చుకుందే అంటుంది, అబద్ధం కూడా కాదు. అంగుస్తానా పెట్టుకోవచ్చుగా అని పిల్ల పోయిన నెల జీతంలో ఇత్తడిది ఒకటి కొనుక్కొచ్చింది. అది వేలికి తొడుక్కున్నప్పుడల్లా ఆమెకి ఎక్కడో కలుక్కుమంటుంది.

ఇక ఈ చదువేమిటంటే, డాక్టరూ ఆసుపత్రీ లేని చోట, కొండల్లో అడవుల్లో మనిషికి ఏమైనా అయితే ఏం చెయ్యాలో నేర్పుతారు. వచ్చే నెల నించి పిల్లకి పై కొండల్లో పెద్ద క్యాంపు ఉద్యోగం, మనుషుల్ని తీసుకెళ్ళి తీసుకురావడం, ఆరు నెలలు అక్కడే. ఈ పరీక్ష నెగ్గితేనే ఇస్తారు. నువ్వూ రామ్మా, నాలుగు రోజులు, అక్కడేం చేస్తామో నీ కళ్ళతో చూస్తే నీ భయం నీకే పోతుంది, అంది. వచ్చింది. భయం పోలేదు గానీ కట్లు కట్టడంలో మాత్రం అందరికంటే ముందుంది, మూడు మూలల గుడ్డ ఆమె చేతిలో పడితే అది కట్టులా కాక కుట్టినట్టు కూర్చుంటుంది, మాస్టారు అందర్నీ పిలిచి చూపించాడు, పిల్ల మొహం వెలిగిపోయింది. మొదటిరోజే ఆయన అందర్నీ నిలబెట్టి అడిగాడు, షుగరు గానీ ఆయాసం గానీ మూర్ఛ గానీ ఏమున్నా వచ్చి నా చెవిలో చెప్పండి, సిగ్గుపడకండి, కొండ మీద చెప్పని రోగమే కొంప ముంచుతుంది, అని. ఆమె వంగి బూటు తాడు కట్టుకుంది. తాడు ఊడలేదు. ఊడదీసి మళ్ళీ కట్టుకుంది.

ఈ రోజు పొద్దున మాత్ర వేసుకుంది. రొట్టెముక్క చేతిలోకి తీసుకుని సగం తిందో లేదో మాస్టారు ఈల ఊదాడు, బయల్దేరండి బయల్దేరండి, ఎండెక్కితే కష్టం, అని. మిగతా సగం పళ్ళెంలోనే ఉండిపోయింది. బ్యాగులో బిస్కెట్లున్నాయి కదా, పైన తినొచ్చులే అనుకుంది. ఆ తర్వాత కొండెక్కడం, కోటు మార్చడం, రంగు పూయడం, ఇదిగో ఇప్పుడు ఎండ నడినెత్తికి వచ్చేస్తోంది. చెయ్యి పైకెత్తి ఎండకి అడ్డం పెట్టుకోబోతే వేళ్ళు సన్నగా వణుకుతున్నాయి. చలికి కాదు. ఆమెకి తెలుసు. కొట్లో రెండుసార్లు ఇలాగే అయింది, సూదిలో దారం ఎక్కించబోతే సూది ఒకచోటా దారం ఒకచోటా, సొరుగులోంచి పిప్పరమెంటు తీసి బుగ్గన పెట్టుకుంటే కాసేపటికి సర్దుకుంది. చెయ్యి దించి కోటు జేబులో పెట్టింది. జేబు ఖాళీ, అడుగున కుట్టు ఊడి వేలు బయటికొచ్చింది.

ఇప్పుడు అనొచ్చు, ఆట కాదు, ఆట కాదు, ఆట కాదు, అని. కింద ఎక్కడో మాస్టారు ఉంటాడు, వింటాడు, వస్తాడు, ఏమైందమ్మా అంటాడు, ఏమని చెప్పాలి? మాత్ర వేసుకుని తినలేదండి, షుగరండి, ఎప్పటి నించి, ఏడాదిన్నర నించి, పిల్ల వెనకే నిలబడి అంతా వింటూ ఉంటుంది. పైగా ఈ రోజు జట్టుకి అదే పెద్ద, ఆట మధ్యలో ఆగిపోతే దాని పరీక్ష ఏం కాను? పాపం రాత్రంతా చదువుకుంది, నిద్రలో కూడా ఏవో అంకెలు లెక్కపెట్టింది. ఎంతసేపు, ఇంకో పది నిమిషాల్లో వచ్చేస్తారు, కాలికి కర్రలు కట్టి మోసుకుపోతారు, జీపు దగ్గర దించగానే కోటు తీసుకుని ఓ పిప్పరమెంటు గుటుక్కుమనిపిస్తే సరి, పామూ చస్తుంది, కర్రా విరగదు. వినబడుతోంది ఈల. అదిగో, దగ్గరికొస్తున్నారు. కాదు, దూరం పోతోంది. వాగు రెండుపాయలుగా చీలిన చోట ఎడమపాయలోకి తిరిగినట్టున్నారు, ఇటు కదర్రా, కుడికి, కుడికి రండి, కానీ తెలివి తప్పుతున్న మనిషి దారి చెప్పకూడదట, చెబితే ఆట చెడిపోతుంది. ఈల ఇంకా సన్నబడింది. వీపుకింద చొక్కా తడిసి రాతికి అతుక్కుంది. గాలి తగిలితే చల్లగా ఉంది, ఇంత ఎండలో ఇంత చల్లగా ఎందుకుంది, మొహం మీంచి చెమట చెవుల్లోకి కారుతోంది.

మనిషి తెలివిలోంచి జారేటప్పుడు నాలుగో ప్రశ్న ముందు పోతుంది, అన్నాడు మాస్టారు నిన్న నల్లబల్ల మీద గీస్తూ, ఏం జరిగిందో ముందు మర్చిపోతాడు, తర్వాత ఏ పూటో, తర్వాత ఎక్కడున్నాడో, అన్నిటికంటే ఆఖర్న తనెవరో. తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ పేరుతోనే మొదలు, నాలుగోది అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. సరే చూద్దాం. ఏం జరిగింది? కాలు విరిగింది. విరగలేదు, రంగు. రంగా, మరి తడిగా ఉందేం, తడి చెమటది. ఏం జరిగింది? ఎవరో ఈల ఊదారు, రొట్టెముక్క సగం మిగిలింది, ఈగలు ముసురుతాయి దాని మీద, మూత పెట్టి రావాల్సింది. ఏ పూట? ఎండ ఉంది కాబట్టి పగలు, కానీ మిషను మీది దీపం కూడా ఇలాగే కళ్ళలో కొడుతుంది, కాలర్లు కుట్టేటప్పుడు దీపం కిందికి లాక్కుంటుంది, ఎవరు లాగారు దీపాన్ని ఇంత కిందికి, కాలిపోతోంది కన్ను. స్కూలు వదిలే వేళైందేమో, పిల్లలొస్తారు చొక్కాలకి, ఆంటీ అయ్యాయా ఆంటీ అయ్యాయా అని, కాలేదర్రా, రేపు రండి. గుండీలు కుట్టాలి. గుండీల డబ్బా ఎవరో ఒంపేశారు, చూడు ఎన్ని గుండీలో, తెల్లవీ బూడిదవీ, వాగునిండా గుండ్రంగా గుండీలే, ఇవన్నీ ఏరేదెవరు. నడుం కింద ఒకటి గుచ్చుకుంటోంది.

అనాలి. ఇక అనాలి. ఆ మాట. రెండు ముక్కలు, మూడుసార్లు. మూడు గుర్తుంది, ముక్కలే గుర్తులేవు. ఒకటేదో పిల్లలు చేసేది. వీధిలో చేసేది. నోరు తెరిస్తే నాలుక ఎండి అంగిలికి అంటుకుపోయింది, ఏదో శబ్దమైతే వచ్చింది, మిషను ఆపు అన్నట్టుంది, మిషను ఆపు, మిషను ఆపు, ఎవరు తొక్కుతున్నారు ఇంత గట్టిగా, ఎక్కడో ఛాతీలో దడదడమని తొక్కుతున్నారు, దారం తెగిపోతుంది. భయమేసింది. నిజంగా భయమేసింది, ఇన్నాళ్ళూ పిల్ల కోసం వేసిన భయం కాదు, తన కోసం, పిల్లల్లాగా, అమ్మా అని అరవాలనిపించే భయం. పిల్ల కొండమీంచి పడిపోతుందేమోనని ఎన్ని రాత్రులు కూర్చుంది, తీరా చూస్తే కొండ మీద పడుకున్నది తను. ఎవరైనా వింటే నవ్వుతారు. ఆయన వింటే నవ్వేవాడు, సగం మొహంతోనే నవ్వేవాడు, మిగతా సగం నేను నవ్వాలిలే అనేది ఆమె. ఆయనున్నాడు. పక్కనే ఉన్నాడు. కాదు, పక్కన కాదు, ఆయన మంచం మీద తనే పడుకుని ఉంది, ఆయన కొలతకి కుట్టిన చొక్కాలో, చంకలో బిగుసుకుపోతోంది. జరగమంటే జరగడేం. కిటికీ ఎవరో తీశారు, గాలి చల్లగా కొడుతోంది. తలుపు దగ్గర బూట్ల చప్పుడు. వద్దు, లోపలికి రావద్దు, ఈ గదిలోకి రావద్దని చెప్పానా. మూడు ప్రశ్నలు పోయాయి, ఇంకొకటే మిగిలింది. పేరు ఆఖర్న పోతుందన్నాడు, కానీ ఆమెని పేరు పెట్టి పిలిచిన మనిషి పోయి నాలుగేళ్ళు, తీసేదీ వేసేదీ లేక అది ఎప్పుడో తుప్పుపట్టి ఉంటుంది.

"ఇక్కడున్నారు! దొరికారు!"

రాళ్ళు దొర్లాయి. మొహాల మీద మొహాలు. బ్యాంకులో పనిచేసే అతను రొప్పుతూ కూలబడ్డాడు, వెనకే క్యాంపు వంటాయన సంచీ మోసుకుంటూ. అన్నిటికంటే దగ్గరగా ఒక మొహం, ముక్కు మీద తోలు ఊడిన మొహం. "నేను ప్రథమ చికిత్స నేర్చుకున్నదాన్నండి, మీకు సాయం చేయమంటారా?" అంది ఆ మొహం, ఎవరో పరాయివాళ్ళతో మాట్లాడినట్టు మన్ననగా. ఎంత మర్యాద తెలిసిన పిల్ల, ఎవరి కూతురో. "మీరెవరండీ?" "దర్జీని. చొక్కాలింకా కాలేదు, రేపు రండి." బ్యాంకతను పగలబడి నవ్వాడు, ఆంటీ అదరగొడుతున్నారు, మొన్నటి నించీ మాకెందుకు చెప్పలేదు మీకింత నటన వచ్చని. వంటాయన, అక్క సినిమాల్లో ఉండాల్సింది, చూడండి చెయ్యెలా వణికిస్తోందో, అన్నాడు. "ఎక్కడున్నారో తెలుసా అండీ?" "మంచం మీద." ఆ మొహంలో ఏదో కదిలింది. చల్లటి రబ్బరు వేళ్ళు నుదుటి మీద పడ్డాయి, ఆగాయి. ఇంత చెమటేంటి? మాస్టారు సీసాతో నీళ్ళు కొట్టి ఉంటాడులే, నిన్న నాకూ కొట్టాడు, కాలు చూడండి ముందు, టైమైపోతోంది, అని బ్యాంకతను తొందరపెట్టాడు. రంగు పూసిన చోట ఎవరో గట్టిగా నొక్కారు. ఇక్కడ కొండ దద్దరిల్లాలి. ఆ సంగతి ఆమెకి ఎక్కడో లీలగా తెలుసు, కానీ ఎదురుగా ఉన్న మొహం చూస్తే అరవబుద్ధి కాలేదు, పాపం భయపడుతోంది, రాత్రంతా మేలుకున్న కళ్ళు, పడుకోవాలి ఆ పిల్ల.

"ఏం జరిగిందండీ? ఇక్కడ ఏం జరిగింది?"

"ఏం లేదమ్మా," అంది ఆమె. ఆ మాటకి నాలుక తడబడలేదు, ఏళ్ళ తరబడి అరిగిన దారి. "ఏం లేదు. నువ్వు పడుకో."

రబ్బరు వేళ్ళు నుదుటి మీదే బిగుసుకుపోయాయి. బ్యాంకతను ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. తర్వాత ఎవరో అరిచారు. కొండ దద్దరిల్లింది. ఆట కాదు, అని అరిచారు, ఆట కాదు, ఆట కాదు, ఆహా అదే, ఇందాకట్నుంచీ ఆమె వెతుక్కుంటున్న మాట అదే, ఎవరికో దొరికింది, ఎంత గట్టిగా అంటున్నారో. "అదేంటండీ, బాగానే చేస్తున్నారుగా," అంటున్నాడు బ్యాంకతను. "చెయ్యట్లేదు! మా అమ్మకి నొప్పొస్తే అరవదు, ఏం లేదంటుంది! నాన్న పోయిన పొద్దున కూడా నాతో ఇదే అంది, ఇదే మాట, ఏం లేదు పడుకో అని! ఈ చెమటా ఈ వణుకూ చూడండి, చక్కెర, ఎవరి దగ్గరైనా చక్కెర ఉందా, తేనె, ఏదైనా, తియ్యండి త్వరగా!" సంచీ తలకిందులైంది, గిన్నెలు రాళ్ళ మీద దొర్లాయి. అమ్మా, అమ్మా, కళ్ళు మూసుకోకు, నన్ను చూడు, మింగగలవా, మింగు, అని ఆ గొంతు తిరిగి పిల్ల గొంతులా అయిపోయింది, మన్ననలన్నీ ఎగిరిపోయాయి. రబ్బరు తొడుగు పీకేసిన వేలు నోట్లోకొచ్చింది, చిగుళ్ళకీ బుగ్గకీ మధ్య ఇసకలా ఏదో రుద్దింది. ఇసక కరిగింది. తియ్యగా ఉంది. మళ్ళీ రుద్దింది. ఆ వేలికి మట్టి వాసన, తాడు వాసన. ఆమె చీకింది, చంటిపిల్లలా, సిగ్గు కూడా వెయ్యలేదు. వంటాయన మూత తెరిచిన డబ్బా పట్టుకుని పక్కనే మోకాళ్ళ మీద ఉన్నాడు, అక్కా అక్కా అంటున్నాడు.

ఎంతసేపైందో. ముందు నడుం కింద రాయి వచ్చింది. గుండీ కాదు, రాయే. తర్వాత ఎండ దీపం కావడం మానేసి ఎండయింది. ఛాతీలో మిషను నెమ్మదించింది. మాస్టారు ఎప్పుడొచ్చాడో, మణికట్టు పట్టుకుని గడియారం చూస్తున్నాడు, ఆయన మొహం ఈ నాలుగు రోజుల్లో ఎప్పుడూ చూడనంత గంభీరంగా ఉంది. "వస్తోంది," అన్నాడు, "అడుగమ్మా, నువ్వే అడుగు," అన్నాడు పిల్లతో. దాని చేతులు చక్కెర అంటుకుని జిగటగా ఉన్నాయి, వాటిని ప్యాంటుకి తుడుచుకుంది, మళ్ళీ తుడుచుకుంది.

"మీరెవరు?" అంది. ఎందుకో మళ్ళీ మన్ననలోకి పోయింది, పట్టుకోవడానికి అదొక్కటే దొరికినట్టు.

"మీ అమ్మని."

"ఎక్కడున్నారు?"

"వాగులో. ఎడమకి తిరిగారు మీరు, కుడికి రావాల్సింది."

బ్యాంకతను తల దించుకున్నాడు. "ఇది ఏ పూట?" "మధ్యాహ్నం. కావస్తోంది." అంది ఆమె, ఆపై ఏం రాబోతోందో తెలుసు, ఆ ప్రశ్న ఇటే నడిచొస్తోంది, పక్కకి తప్పుకోవడానికి చోటు లేదు. ఏం లేదనే మాట అప్పుడే తయారై నాలుక చివర కూర్చుంది, దాన్ని పిలవక్కర్లేదు. ఈ ఒక్కసారికి దాన్ని వదిలితే చాలు, ఎండదెబ్బే తల్లీ, నీళ్ళు తాగలేదు అంటే చాలు, మాస్టారు నమ్మకపోయినా పిల్ల నమ్ముతుంది, నమ్మాలనే ఉంది దానికి, కళ్ళు చూస్తే తెలుస్తోంది. వచ్చే నెల బూట్లు వేసుకుని వెళ్ళిపోతుంది. చెబితే ఆ బూట్లు మంచం కిందికి పోతాయి, కుర్చీ వస్తుంది, కాగితం గోడెక్కుతుంది. ఇంత చేసీ చివరికి అదే గదా. కానీ చెప్పకపోతే? ఇంకోసారి ఇలాగే కళ్ళు తేలేస్తే, ఎక్కడో కొండ మీద ఉన్న పిల్లకి ఎవరో ఫోను చేసి, మీ అమ్మకి షుగరటగా, నీకు తెలీదా, అంటారు. నీకు తెలీదా. ఆ మాట అది జన్మంతా మోస్తుంది, తండ్రి మంచం కంటే బరువు అది.

"ఏం జరిగిందమ్మా?" అంది పిల్ల. దీనికి మాత్రం మన్నన పెట్టలేకపోయింది.

"నీకు చెప్పలేదు," అంది ఆమె. "ఏడాదిన్నరగా షుగరు. మాత్రలు వేసుకుంటున్నాను. ఈ పొద్దున మాత్ర వేసుకుని తినకుండా వచ్చాను. వేళ్ళకి గుచ్చుకున్నది మిషను సూది కాదు. నీకు కావాలనే చెప్పలేదు. అదే జరిగింది."

గాలికి ఎక్కడో ఖాళీ డబ్బా దొర్లింది. పిల్ల ఆమె చెయ్యి తీసుకుని తిరగేసి, వేళ్ళ కొసలు ఒక్కొక్కటీ ఎండకేసి పెట్టి చూసింది, ఎర్రచుక్కలన్నీ ఇప్పుడే మొదటిసారి చూస్తున్నట్టు. కోపమొచ్చిందేమో, తిడితే బాగుండును, ఓ నాలుగు మాటలు తిట్టవే, అనుకుంది ఆమె. పిల్ల తలెత్తింది. ఆమెకేసి కాదు, మాస్టారి కేసి.

"పేషెంటు నాలుగు ప్రశ్నలకీ సరిగ్గా చెప్పింది మాస్టారూ," అంది, పరీక్షలో చెప్పినట్టే, గొంతు గట్టిగా పెట్టి. తండ్రి పోయిననాడు ఏడవని పిల్ల, ఎండిన వాగులో అందరి ముందూ, చక్కెర చేతులతో మొహం కప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

మాస్టారు లేచి, మిగతా ఇద్దర్నీ తీసుకుని, మోసుకుపోయే కర్రలు సర్దే నెపంతో అవతలికి నడిచాడు. కిందికి తీసుకెళ్ళాలి, ఆసుపత్రిలో చూపించాలి, మాత్రల సంగతి, షుగరు మళ్ళీ పడిపోవచ్చు, నిజంగానే మోద్దాం ఈసారి, అని వాళ్ళతో చెప్పడం వినిపిస్తోంది. వచ్చే నెల ఏమవుతుందో, కొండో కుర్చీయో, ఆమెకి తెలియదు. ఏం లేదమ్మా, ఊరుకో, అనబోయింది అలవాటు కొద్దీ. ఆ మాటని నోట్లో మిగిలిన తీపితో పాటు మింగేసింది.

"ఇంకొంచెం పెట్టమ్మా," అంది.

పిల్ల మోచేత్తో ముక్కు తుడుచుకుని, డబ్బాలోంచి ఇంకాస్త చక్కెర తీసి నోట్లో పెట్టి, గుటక పడిందో లేదో చూడ్డానికి ఆమె గొంతు మీద వేలు పెట్టింది.